చక్కెర చానకు

పుష్యమాసం చలిలో సారవ్వ క్వార్టర్‌లో ఏసీ నడుస్తోంది. రాయమల్లుకు అనుమానం అక్కడ మొదలైంది.

ఎండాకాలంలోనే ఆ గాలికి మోకాళ్లు పట్టేస్తాయని ఆపేసి, గుమ్మంలో మంచం వేసుకునే మనిషి సారవ్వ. ఇప్పుడేమో కిటికీలకు దుప్పట్లు కట్టింది. తలుపు వేసే ఉంటోంది. లోపల ఆమె బిడ్డ సంతోషి పని చేసుకుంటోంది. ఏం పనో గోదావరిఖనిలోని ఆ క్వార్టర్ల లైను మొత్తానికి తెలుసు. కేకుల పని నేర్చుకుని వచ్చిన పిల్ల. చక్కెరతో, చాక్లెట్‌తో బొగ్గు బాయి బొమ్మ చేస్తోంది. శనివారం కమ్యూనిటీ హాల్లో దాన్ని వేలం వేస్తారు. గణపతి లడ్డూలాగే, పాడుకున్నవాళ్లు దాన్ని పగలగొట్టి అందరికీ పంచాలి. వచ్చిన డబ్బుతో, ప్రమాదంలో కాలు పోయిన బుచ్చన్నకు కృత్రిమ కాలు పెట్టిస్తారు.

చెప్పిన మాట బాగానే ఉంది. మాట బాగున్న చోటే రాయమల్లు ఆగి చూస్తాడు. సర్వీసంతా బాయిలో కప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టిన టింబర్‌మన్ అతను. రిటైరయ్యాక ఎదురింటి అరుగు మీద కూర్చోవడమే పని.

"సారవ్వా, చలిల ఏసీ ఏందే?" అని అడిగాడు ఒక పొద్దున.

"చాక్లెట్ కరుగుతదట అన్నా. నేను వంటింట్ల ముసుగు తన్ని పంటున్న."

"ఒక్కపారి చూసి వస్తనే."

"అమ్మో, వద్దు! తలుపు తీస్తే చక్కెరకు చెమటలు పడతయట. నన్నే రానిస్తలేదు."

చక్కెరకు చెమటలు! రాయమల్లు గడప వైపు చూశాడు. పక్కింటి పిల్లలు బిస్కెట్ ముక్క రాలిస్తే గోడ పొడుగునా బారులు కట్టే చీమలు, ఇంత చక్కెర ఉన్న ఇంటి ముందు ఒక్కటీ లేదు. ఆ సాయంత్రమే ఆటోలో తెల్లటి థర్మాకోల్ దిమ్మలాంటిది వచ్చింది. సంతోషి దాన్ని గబగబా లోపలికి మోసుకుపోయింది.

మర్నాడు బుచ్చన్న దగ్గరకు వెళ్లాడు. కాంట్రాక్టు టిప్పర్ నడిపేవాడు బుచ్చన్న. బండి బోల్తా పడి కుడికాలు మోకాలి కింద పోయింది. ఆ కొత్తలో ఎవడో అతని ఫోటోతో ఫ్లెక్సీ వేయించి, ఆటోకు మైకు కట్టి, కాలనీలన్నీ తిరిగి చందాలు ఎత్తుకుపోయాడు. బుచ్చన్నకు పైసా అందలేదు. ఇప్పటికీ చాయ్ హోటల్ దగ్గర ఎవరో ఒకరు "గన్ని పైసలు ఏం జేసినవ్ బుచ్చన్నా?" అంటూనే ఉంటారు.

"ఆ పిల్ల ఇంట్లకు థర్మాకోల్ పోయింది. నా కండ్లతోని చూసిన" అన్నాడు రాయమల్లు.

"అయితే ఏందే కాకా?"

"పెండ్లిళ్లల్ల అంతస్తుల కేకు చూడలే? కోసేది ఒక్కటే అంతస్తు. కడమదంత థర్మాకోలు, పైన క్రీము."

బుచ్చన్న చంకకర్ర కొనతో నేల గీకాడు.

"ఇంకోపారి నా పేరు మీద దొంగసొమ్మంటే తల ఎత్తుకోలేను. అప్పుడు తిన్నది వాడు, పేరైంది నాది. గట్లయితే నాకా కాలొద్దు. కర్రల మీదనే తిరుగుత."

"నేను ఉన్నది చెప్పిన."

"అయితే నువ్వే చూడు. వేలం ముందర నువ్వు బాగున్నదంటేనే నేను కూసుంట. లేదంటే లేచి పోత."

శనివారం హాలు నిండింది. బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టి ఉన్నాయి. బల్ల మీద బొగ్గు బాయి. నల్లటి చాక్లెట్ గుట్ట. దాని మీద చానకు, అంటే మనుషులను లోపలికి దింపే ఇనుప గోపురం. పాకం లాగి చేసిన సన్నని కడ్డీలతో నిలబెట్టింది. పైన రెండు చక్రాలు. వెలుతురు పడితే అద్దాల్లా మెరుస్తున్నాయి. బాయిలో పనిచేసి వచ్చినవాళ్లు కూడా నోరు తెరిచి చూస్తున్నారు. ముందు వరుసలో టిఫిన్ సెంటర్ రాజకుమారి కూర్చుంది. ఏటా గణపతి లడ్డూ పాడేది ఆమెనే. ఈ వేలం కూడా ఆమె మీదే ఆధారపడి ఉంది.

రాయమల్లు బల్ల దగ్గరకు నడిచాడు. బుచ్చన్న తలుపు పక్కన కుర్చీలోంచి అతన్నే చూస్తున్నాడు.

"చిన్న ముక్క గిల్లి పెట్టు బిడ్డా."

"ఎట్ల గిల్లాలె కాకా? అంచు పోతే బొమ్మ పోతది" అంది సంతోషి.

అతను ఎడమ అరచేయి గుట్టకు ఆనించాడు. కుడిచేతి వేలి కణుపుతో తట్టాడు. కావాలని చేసింది కాదు. బాయిలో రోజూ కప్పును అలాగే తట్టి చూసేవాడు. గట్టి కప్పయితే ఖంగున పలుకుతుంది. పొర విడిచిన కప్పయితే డబడబమంటుంది. దాని కింద నిలబడితే మనిషి దక్కడు.

గుట్ట డబడబమంది.

"జరుగుండ్రి! బోలున్నది!"

బాయిలో వేసినంత కేక. హాల్లో ఉన్న సగం మంది బాయి మనుషులు ఎందుకో తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశారు. ఒకరి కాలు ఒకరు తొక్కారు. ఆ తర్వాత నవ్వారు. నవ్వు ఆగాక గుసగుసలు మొదలయ్యాయి. థర్మాకోలట, థర్మాకోలట.

రాజకుమారి కొంగు సర్దుకుంది. "లోపల ఏమున్నదో తెల్వకుండ నేనెట్ల పాడుదు?"

"బోలే అక్కా. గట్టిగ పోస్తే దాని బరువుకు అదే కూలుతది. థర్మాకోల్ పెట్టెల చాక్లెట్ వచ్చింది, ఐసు పెట్టి పంపుతరు" అంది సంతోషి.

"మాటలొద్దు బిడ్డా. చూపియ్యి" అంది రాజకుమారి.

"చూపియ్యాలంటే పగలాలె. పగిలినంక ఎవరు పాడుతరు?"

తలుపు దగ్గర కర్రల చప్పుడు అయింది. బుచ్చన్న లేచాడు. ఎవరి మొహమూ చూడకుండా గడప వైపు తిరిగాడు.

సంతోషి అది చూసింది. వెనకాల సంచిలోంచి చపాతీ కర్ర తీసి, గుట్ట నడుము మీద ఒక్కటి వేసింది.

చానకు ముందు ఒరిగింది. చక్రాలు నేల మీద పడి పొడయ్యాయి. గుట్ట రెండుగా విడిపోయింది. థర్మాకోల్ లేదు, అట్టా లేదు. లోపల సొరంగం. రెండు వైపులా చక్కెర దిమ్మెలు. ఒక్కో దిమ్మె తల మీద, కప్పుకూ దిమ్మెకూ సందు లేకుండా బిగించే చీలికలు కూడా పెట్టింది. పాడుకున్నవాళ్లు పగలగొట్టినప్పుడు కనబడాలని చేసిన పని.

"సల్లవడ్డదా నీ కడుపు, రాయమల్లన్నా?" సారవ్వ గొంతు హాలంతా వినిపించింది. "బిడ్డ తిండి లేక, నిద్ర లేక చేసింది! చీమలు రాకుంట గడప గడపకు మందుగీత గీసిన నేను! ఇగ నువ్వే పాడు. గా ముక్కలు నువ్వే పాడు!"

రాజకుమారి లేచింది. "పగిలిన లడ్డుకు వేలం ఉంటదా చెల్లె? నన్నేమనకు" అని వెళ్లిపోయింది. ఆమె వెనకే జనం పలచబడ్డారు.

రాయమల్లు క్షమించమనలేదు. ఆ మాట అతనికి నోటికి రాదు. పెద్ద స్టీలు తాంబాలం అడిగి, ముక్కలన్నీ ఏరి పేర్చాడు. సొరంగం కనబడే ముక్క పైన పెట్టాడు.

"ఏడికి కాకా?" అన్నాడు గడప దగ్గరే ఆగిపోయిన బుచ్చన్న.

"బాయి గేటుకాడికి. షిఫ్టు ఇడిసే యాళ్ల అయితాంది. నువ్వు గూడ నడువు. సంచి నీ చేతుల ఉండాలె. ఇచ్చెటోడు నీ మొగం చూసి ఇయ్యాలె."

షేర్ ఆటోలో సంతోషితో కలిసి ముగ్గురూ గేటు దగ్గరకు వెళ్లారు. బయటికి వస్తున్నవాళ్లకు ఫోన్లలో కబురు ముందే చేరింది.

"థర్మాకోల్ అన్నది నువ్వే గదనే?" అన్నాడు ఒకడు, మసి మొహంతో నవ్వుతూ. "ఇప్పుడు మాకు అమ్ముతున్నవా? ముందుగాల నువ్వు తిను."

రాయమల్లు ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

"అరే, కాకకు షుగరున్నది గదరా!" అన్నాడు పక్కవాడు.

"ఉన్నది" అని రాయమల్లు నమిలి మింగాడు.

"షుగరోడే తిన్నడంటే ఉత్తదైతే కాదు. ఇటు తే."

కానీ గుంపులు వస్తూనే ఉన్నాయి. ప్రతి గుంపులోనూ ఒకడు "నువ్వు తినే కాకా" అంటూనే ఉన్నాడు. అతను తింటూనే ఉన్నాడు. చివరికి సంతోషి తాంబాలం లాక్కుంది. "చాలు! దవాఖాన్ల పడితే నీకోసం ఇంకో బొమ్మ చెయ్యాలె నేను."

చీకటి పడేసరికి తాంబాలంలో పొడి మాత్రమే మిగిలింది. వేలమైతే ఒక్క పాటకే అయ్యేది. ఇది చిల్లర. కరీంనగర్‌లో కృత్రిమ కాళ్లు చేసే కేంద్రానికి సంతోషి ఫోన్ చేసి మాట్లాడింది. కొలతకూ, అచ్చు పోయడానికీ సరిపోతాయట. మిగతాది కాలు బిగించిన తర్వాత ఇవ్వొచ్చట.

బుచ్చన్న సంచి మూతి తనే కట్టాడు.

"కాకా, రేపు కరీంనగర్‌కు నువ్వు గూడ రావాలె."

"నేనెందుకు? ఇయ్యాల చేసింది చాలదా?"

"కొలత తీసెటోడు ఎట్లాంటోడో ఏమో. నాకు మొగమాటం. వాడు బాగున్నదంటే బాగున్నదంట. నువ్వయితే ఎవర్ని నమ్మవు."

రాయమల్లు తాంబాలం దులిపి చంకన పెట్టుకున్నాడు.

"రేపు ఆదివారం గద. వాడు దుకాణం తెరుస్తడని ఎవడు చెప్పిండు నీకు?"