పోలిక తీసేస్తే

జోయల్ నోరు ఊరుకునే నోరు కాదు. తాడిపత్రి దగ్గర బండల ఫ్యాక్టరీలో అంచులు కోసే మిషను మీద పనిచేసిన రోజుల్లో, టీ వేళ అయిందంటే కూలీలంతా అతని చుట్టూ చేరేవాళ్ళు. మేస్త్రీ నడక, ఓనరు కారు హారను, ఆదివారం ప్రార్థనలో పాస్టరు గారి దగ్గు, దేన్నీ వదిలిపెట్టేవాడు కాదు. దేని గురించి అడిగినా ఒక పోలిక తయారుగా ఉండేది. వాళ్ళు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతుంటే తాను మాత్రం మొహం మీది తెల్లటి దుమ్ము తువ్వాలుతో తుడుచుకుంటూ, ఏమీ ఎరగనివాడిలా టీ తాగేవాడు.

మొహం మీది దుమ్ము తుడుచుకుంటే పోయింది. లోపలికి పోయిన దుమ్ము పోలేదు. వానలు మొహం చాటేసి శెనక్కాయ చేను ఏటేటా మాడిపోతుంటే, ఇంత తిండి దొరుకుతుందని ఫ్యాక్టరీకి పోయిన మనిషి, ఇప్పుడు రేకుల ఇంటి పంచలో నులక మంచానికి అతుక్కుపోయాడు. అనంతపురం పెద్దాసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు పట్టి చూపించి, ఇది తగ్గే జబ్బు కాదమ్మా, ఉన్నన్నాళ్ళు కాస్త ఊపిరి ఆడేట్టు చూసుకోవడమే అని అతని భార్య కృపాకుమారితో చెప్పాడు. జోయల్ పక్కనే నిలబడి అంతా విన్నాడు. తిరుగు బస్సులో ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఇంటికి రాగానే కృప గూట్లోంచి బైబిలు తీసి అతని చేతి కింద పెట్టింది.

"పాపకు చెప్పనని ఒట్టెయ్యి. తెలిసిందంటే అది బడికి పోదు. నీ మంచం కోడు పట్టుకొని కూచుంటాది. దానికి నాలుగక్షరాలన్నా రానీ."

జోయల్ ఒట్టేశాడు. ఆ తర్వాత కృప ఆ ఫ్యాక్టరీలోనే బండలు కడిగే పనికి పోవడం మొదలుపెట్టింది. ఇంకెక్కడికి పోతుంది? ఆ చుట్టుపక్కల పని అంటే అదే.

వాళ్ళ పాప సారా నాలుగో తరగతి. బడి రోడ్డుకు అవతల, మంచినీళ్ళ ట్యాంకు దాటితే కనిపిస్తుంది. ఆ ఏడాది తెలుగు వాచకంలో పోలికల పాఠం వచ్చింది. పుస్తకంలో ఏరు గలగలా నవ్వింది, వెన్నెల పాలలా కురిసింది. పెన్నలో నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ చూసిన పిల్లలు, ఏరు ఎట్ల నగుతాది టీచరూ అని అడిగారు. సువర్ణ టీచరు రోజూ తాడిపత్రి నుంచి స్కూటీ మీద వచ్చే మనిషి. పుస్తకంలో ఉన్నదే వల్లె వేయించే రకం కాదు. వాచకం మూసి పక్కన పెట్టేసింది.

"మీ ఇంట్లో మీకు కనిపించేది, వినిపించేది చెప్పండి. దాన్ని ఇంకోదాంతో పోల్చండి. రోజుకొక పోలిక తేవాల" అంది.

ఓబిలేష్ అప్పటికప్పుడు లేచి, మా అవ్వ నోరు ఎండిన నిమ్మకాయ మాదిరి ఉంటాది అన్నాడు. తరగతంతా గొల్లుమంది.

సాయంత్రం సారా పుస్తకాల సంచి గోడవార పడేసి తిన్నగా మంచం దగ్గరికి వచ్చింది.

"నాయనా, నీ దగ్గు దేని మాదిరి ఉండాది?"

జోయల్ పిల్ల మొహంలోకి చూశాడు. పిల్లకు ఎవరన్నా చెప్పేశారా? అది టీచరు ఇచ్చిన పని అని తెలిశాక గాని కుదుటపడలేదు. కుదుటపడగానే పాత బుద్ధి లేచి కూర్చుంది.

"పొద్దున్నే మన ఊరి బస్సు స్టార్టు గాక కొట్టుకుంటాదే, దాని మాదిరి."

సారా నవ్వి నవ్వి మంచం అంచు మీద వాలిపోయింది. మర్నాడు బడిలో చెప్తే టీచరు చప్పట్లు కొట్టించింది. వెనక బల్లలో నోట్లో వేలు పెట్టుకుని కూర్చునే పిల్ల, ఎవరి కంటా పడని పిల్ల, ముందు బల్లకు వచ్చేసింది.

ఇక రోజూ అదే తంతు. రేకుల మీద కోతి దుంకినట్టు. అవ్వ చాటలో కందులు చెరిగినట్టు. విజిలు రాని కుక్కరు సణుక్కున్నట్టు. సారా నోరు తెరవకముందే ఓబిలేష్ ఖళ్ళుఖళ్ళుమని దగ్గేవాడు, వెనకే తరగతంతా అందుకునేది. పంచలో పడుకున్న జోయల్‌కు ఆ నవ్వులు రోడ్డు దాటి వినిపించేవి. వినిపించినప్పుడల్లా మళ్ళీ ఫ్యాక్టరీ టీ కొట్టు దగ్గర నిలబడినట్టే ఉండేది. తాను మంచం దిగలేకపోయినా తన దగ్గు మాత్రం బడికి పోయి పేరు తెచ్చుకుంటోందని లోపల్లోపల మురిసిపోయాడు.

పేరు దాని దారిన అది తెచ్చుకుంటోంది, ప్రాణం దాని దారిన అది పోతోంది. పడుకుంటే ఊపిరి ఆడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడు. సంగటి ముద్ద గొంతు దిగడం లేదు. ఒక పోలిక పూర్తిగా చెప్పాలంటే మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వస్తోంది. అందుకని మధ్యాహ్నం నుంచీ ఎవరు పలకరించినా తల ఊపి ఊరుకునేవాడు. సాయంత్రం పాపకు చెప్పబోయే ఒక్క మాట కోసం ఊపిరి దాచుకునేవాడు. పిసినారి వాడు కూడా అంత జాగ్రత్తగా దాచుకోడు.

ఒకరోజు సారా వచ్చింది గాని నవ్వుతూ రాలేదు. సంచి భుజానే ఉంచుకుని మంచం పట్టె మీద కూర్చుంది.

"టీచరు ఈపొద్దు ఇంగోటి చెప్పింది నాయనా. పోలికలో రెండుంటాయంట. ఉండేది ఒకటి, దానికి మనం పోల్చింది ఒకటి. పోల్చింది తీసేసి ఉండేది ఉన్నట్టు చెప్పమనింది. రేపు అందరూ చెప్పాల."

"అంటే?"

"ఓబిలేష్ వాళ్ళ అవ్వ నోరు నిమ్మకాయ మాదిరి అన్న్యాడు గదా. నిమ్మకాయ తీసేస్తే వాళ్ళవ్వకు పండ్లు లేవు. అంతే. అట్ల." సారా ఆగి తండ్రి మొహంలోకి చూసింది. "నీదీ అట్లే చెప్పాల. బస్సు తీసేసినా. కోతి తీసేసినా. చాట తీసేసినా. నీకు ఏమయింది నాయనా?"

"దగ్గు పాపా."

"దగ్గు అందరికీ వస్తాది. మా తరగతి ఆంజికి వచ్చింది, పోయింది. నీది యాల పోదు?"

జోయల్ రోడ్డు వైపు చూశాడు. కృప వచ్చే వేళ కాలేదు. గూట్లో బైబిలు కనిపిస్తూనే ఉంది. నోట్లో ఒక పోలిక మెదిలింది కూడా, చెప్తే పిల్ల నవ్వి లేచిపోతుంది, ఈ పూట గడిచిపోతుంది. కాని ఏదో ఒక పొద్దున పాప లేచి చూసేసరికి తాను లేవకపోతే? కోతి మాట, కుక్కరు మాట చెప్పిపోయిన తండ్రే దానికి మిగులుతాడు. నన్ను ఆటపట్టించి పోయినాడు నాయన అనుకుంటుంది. ఆ ఆలోచనకే అతనికి ఏడుపొచ్చింది. చావంటే భయం కన్నా ఈ భయమే ఎక్కువైంది.

"ఫ్యాక్టరీలో దుమ్ము పీల్చినా గదా పాపా. అది లోపల నిండిపోయింది. బయటికి రాదు. దానికి మందు లేదు." ఊపిరి కోసం ఆగాడు. దాచుకున్నదంతా ఆ కాస్త మాటకే అయిపోయింది. "నాయన చచ్చిపోతాడు."

సారా మంచం నులక ఒకటి పైకి లేచి ఉంటే దాన్ని వేలితో లాగుతూ కూర్చుంది.

"ఎప్పుడు?"

"తెలీదు. ఎక్కువ దినాలు లేదు."

"అమ్మకు తెలుసా?"

"తెలుసు."

"అయితే నాకొక్కదానికే తెలీదా?"

సారా లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. అతను తాగినంతసేపూ చెంబు కింద చెయ్యి పెట్టి పట్టుకుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

కృప వచ్చీ రాగానే పిల్ల మొహం చూసింది, తర్వాత మొగుడి మొహం చూసింది. ఇంకెవరూ చెప్పే పని లేకపోయింది.

"చెప్పేసినావా?"

"అడిగింది కృపా."

"అడిగితే చెప్పేస్తావా? దేవుని ముందర ఒట్టేసి?" ఆమె చేతిలోని క్యారియరు గడప మీద పెట్టేసింది. "బండలు మోసి మోసి సస్తాండాము మనం. సదువుకొనే బిడ్డ నెత్తిన గూడా ఒకటి పెడితివి గదయ్యా."

ఆ పూట కృప అన్నం గిన్నె మంచం పక్కన పెట్టి లోపలికి పోయింది. పొద్దున్నే పనికి పోయేటప్పుడు కూడా అతని వైపు చూడలేదు. బడి గంట కొట్టే వేళకు జోయల్‌కు ఊపిరాడకపోవడం మామూలు కన్నా ఎక్కువైంది. సారా ఇప్పుడు మంచం కోడు పట్టుకుని కూర్చుంటే కృప మాటే నిజమవుతుంది. కాని సారా తనంతట తానే జడ వేసుకుంది, సంచి తగిలించుకుంది, పోయొస్తా నాయనా అని వెళ్ళిపోయింది. చూసినావా కృపా, మన బిడ్డ గట్టిది అని భార్యతో అనాలని అతనికి ఎంతో అనిపించింది. వినడానికి ఆమె లేదు.

కాసేపటికి బడిలోంచి నవ్వు వినిపించింది. ముందు ఓబిలేష్ దగ్గు, వెనకే అందరి దగ్గు, ఆ తర్వాత నవ్వు. రోజూ వినే నవ్వే. అలవాటుగా జోయల్ పెదవులు కూడా సాగాయి. అంతలోనే అతనికి గుర్తొచ్చింది, ఈరోజు తాను పోలిక ఏదీ చెప్పి పంపలేదు.

నవ్వు ఇంకోసారి, ఇంకా గట్టిగా వచ్చింది. తర్వాత సారా రోడ్డుకు అడ్డంబడి పరుగెత్తుకుంటూ రావడం కనిపించింది. సంచి లేదు, కాళ్ళకు చెప్పులు లేవు.

"నగినారు నాయనా."

"ఎవరు?"

"అందరూ. నేను ఉండేది ఉన్నట్టే చెప్పినా. మా నాయన చచ్చిపోతాడు అన్న్యా. ఓబిలేష్ దగ్గినాడు, అందరూ నగినారు. కాదప్పా, నిజం అంటే ఇంగా నగినారు."

"టీచరు?"

"బోర్డు కాడ నిలబడింది. ఏమీ అనలేదు. నేను వచ్చేసినా." అప్పుడు ఏడ్చింది సారా. నిన్నటి నుంచీ దాచుకున్నదంతా ఒక్కసారిగా, తండ్రి మోకాళ్ళ మీద మొహం పెట్టి ఏడ్చింది. "నాది ఎవరూ నమ్మరు నాయనా."

జోయల్‌కు తల కొట్టేసినట్టయింది. పిల్లల తప్పేముంది? తన చావును రోజుకొక ముక్కగా తెంపి, ఉప్పూకారం అద్ది, బడికి పంపింది తానే. నవ్వడం నేర్పిందీ తానే. ఇప్పుడు నమ్మమంటే ఎలా నమ్ముతారు? అతనికి తన నోటి మీద పుట్టెడు కోపం వచ్చింది.

"పా, పోదాం" అన్నాడు లేచి. "నేనొస్తా."

అతను రోడ్డు దాటి చాలా రోజులైంది. పాప భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. మంచినీళ్ళ ట్యాంకు దగ్గర దిమ్మెను పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. బిందెతో వచ్చిన తిరుపాలమ్మ, ఏమప్పా జోయలూ, యాడికి పోతాండావు ఈ ఎండలో అని అరిచింది. అతను చెయ్యి ఊపాడు. జవాబు చెప్పడానికి ఊపిరి ఖర్చు పెట్టదలుచుకోలేదు. పిల్లల ముందు చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంది, దానికోసం దాచుకోవాలి.

సువర్ణ టీచరు గుమ్మంలోకి ఎదురొచ్చింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లోపలికి రండన్నా అని కుర్చీ జరిపింది. అతను కూర్చోలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. పిల్లలంతా తలలు తిప్పి చూశారు. ఇన్నాళ్ళూ దగ్గు గురించి విన్నారే గాని, మంచం పట్టాక ఆ మనిషిని చూసి ఎరగరు. ఎముకల మీద చొక్కా వేలాడుతున్న మనిషిని, పెదాలు నల్లబడిన మనిషిని చూశారు.

మా పాప చెప్పింది నిజం. అంతే చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు, దగ్గు వచ్చింది.

అది బస్సులా లేదు. కోతిలా, చాటలా, కుక్కరులా లేదు. ఆగుతుందనుకుంటే ఆగలేదు. అతను రెండు చేతులతో గుమ్మాన్ని పట్టుకుని వంగిపోయాడు. టీచరు పరుగున నీళ్ళు తెచ్చింది, తాగడానికి వీలుపడలేదు. దగ్గు తెరిపిచ్చి తల ఎత్తేసరికి ముందు బల్లలో ఓబిలేష్ రెండు చేతులతో నోరు మూసుకుని ఉన్నాడు. ఒక చిన్నపిల్ల ఏడుస్తోంది.

ఆ మొహాలు చూసి జోయల్‌కు జాలేసింది. పసివాళ్ళను ఇలా బెదరగొట్టి పోవడం అతని వల్ల కాలేదు. బతుకంతా చేసిన పనే మళ్ళీ చెయ్యబోయాడు.

"భయపడొద్దప్పా" అన్నాడు, మాటకూ మాటకూ మధ్య గాలి వెతుక్కుంటూ. "బస్సు... ఈపొద్దు గూడా... స్టార్టు గాలా. అంతే."

ఒక్కరూ నవ్వలేదు.

సారా తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుని తరగతి వైపు తిరిగింది.

"చెప్పినా గదా" అంది.