ఒక్కసారీ తప్పలేదు

కాలరు వెనక వేలాడుతున్న దారప్పోగును కత్తెరతో టుక్కున తెంచి, చొక్కాను ఎడమవైపు దొంతర మీద వేసింది చలక్క. బట్టల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పని అదే, కుట్టినవాటికి మిగిలిన దారాలు తీసెయ్యడం. నెత్తిన ఫ్యాన్లు తిరుగుతున్నా అందరూ చెమటలు కక్కుతుంటే, ఆవిడొక్కతే స్వెటరు వేసుకుని కూర్చుంటుంది. అందుకే ఆ పేరు. థైరాయిడ్ మందగించి ఎనిమిదేళ్ళయింది. ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, కనుబొమల చివర్లు రాలిపోయాయి. ఉన్నవి యాభై ఒక్కేళ్ళే, చూసేవాళ్ళకు అరవై పైమాటే. అయినా చూసేవాళ్ళెవరు గనక!

ఆ రోజు భోజనాల గదిలో ఓ నర్సు కాగితాలు పెట్టుకుని కూర్చుంది. థైరాయిడ్ గురించి ఏవో అడుగుతారని చెప్పి, నలభై దాటిన ఆడవాళ్ళను ఒక్కొక్కరినే పంపుతున్నారు.

"మాత్ర రోజూ వేసుకుంటున్నారా అమ్మా?"

"పొద్దున్నే పరగడుపున వేసుకుంటా."

"ఎన్నిసార్లు నెల తప్పారు?"

నెలనెలా మాత్రలకు ఆస్పత్రికి వెళ్ళడం గురించే అనుకుంది చలక్క. జోరువానలో కూడా మానింది లేదు.

"ఒక్కసారీ తప్పలేదమ్మా" అంది, కాస్త గొప్పగానే.

"పిల్లలు?"

"లేరు."

రెండు జవాబులూ పొసగాయి. నర్సు సున్నా చుట్టి తర్వాతి మనిషిని పిలిచింది.

మధ్యాహ్నం, గుండీల మిషను మీద పనిచేసే, అందరూ వదినా అని పిలిచే ఆవిడ తన వంతు ముగించుకుని నవ్వుకుంటూ వచ్చింది. "నన్నైతే పాత కడుపులన్నీ తవ్వి అడిగింది చలక్కా! ఐదుసార్లు నెల తప్పితే ముగ్గురు దక్కారని చెప్పా. కాన్పులకీ థైరాయిడ్‌కీ ఏమన్నా ముడి ఉందేమో చూస్తున్నారట. మా ఆయన్ని అడగండమ్మా, నా రోగాలన్నిటికీ ముడి అక్కడే ఉంది అన్నా!"

అందరూ పగలబడి నవ్వారు. చలక్క కత్తెర ఆగిపోయింది.

నాలుగుసార్లు. మూడు కడుపులు మూడో నెల నిండకుండానే పోయాయి. నాలుగోది నిలిచింది, పుట్టింది, తొమ్మిది రోజులు బతికింది. ఆ పిల్లకు స్నానం పోసిన అత్తగారు ఏనాడో పోయింది. మొగుడూ పోయి ఆరేళ్ళయింది. ఆ పిల్లను చూసిన మనిషంటూ ఇక లోకంలో తనొక్కతే, ఆ ఒక్కతీ తన నోటితోనే అసలేమీ లేదని చెప్పి వచ్చింది.

మేస్త్రీని అడిగితే పంపించేవాడే. అడగడమే ఆవిడకు చేతకాదు. గంట కొట్టేదాకా దారాలు తెంచుతూనే కూర్చుంది. రెండు చొక్కాలకు దారంతోపాటు గుడ్డా తెగింది.

గంట మోగగానే లేచింది. వాచిన కాళ్ళతో పరుగు సాగలేదు. గేటు దగ్గర వ్యాను స్టార్టయి ఉంది, నర్సు కాగితాల పెట్టె లోపల పెడుతోంది.

"అమ్మా, నాది తప్పు పడింది" అంది రొప్పుతూ. "మాత్రల సంగతి అడిగారనుకున్నా. నాలుగుసార్లమ్మా."

నర్సు ఆవిడ ముఖం చూసి విసుక్కోలేకపోయింది. కాగితం వెతికి తీసి, సున్నా కొట్టేసి నాలుగు వేసింది.

"పుట్టినవాళ్ళు?"

"ఒక్కతే. తొమ్మిది రోజులుంది."

"పేరు పెట్టారా?" ఆ ప్రశ్న కాగితంలో లేదు.

"పెట్టేదాకా ఉండలేదు. నేనే పిచ్చుకా అని పిలుచుకునేదాన్ని."

ఇరవై ఆరేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. పేరు రాయడానికి గడి లేదు. నర్సు కాగితం అంచున సన్నటి అక్షరాలతో 'పిచ్చుక' అని రాసి, దిద్దినచోట సంతకం చెయ్యమంది. చలక్క కూడబలుక్కుంటూ చేసింది.

వ్యాను వెళ్ళిపోయింది. పిచ్చుక కూడా అందులోనే ఎటో పోయింది. గేటు దగ్గర జనం పలచబడ్డారు. ఆవిడకు ఏడుపొచ్చింది, నిలబడే ఏడ్చింది. కళ్ళు తుడుచుకోబోతే, మూత పెట్టని నర్సు పెన్ను ఇంకా వేళ్ళ మధ్యే ఉంది.