అరికాలి లెక్క

ఫుట్‌బాల్ మైదానానికి సున్నపు గీతలు గీసే గీతలాయన కుడి అరికాలిని గడ్డి మీద ఆనించి మూడు దాకా లెక్కపెట్టాడు. మూడు లోపల కాలి కింద తడి ఊరితే నేల కరిగినట్టు. ఊరకపోతే, పైన గడ్డి ఎంత పచ్చగా ఉన్నా లోపల రాయే. ఊరింది. ఒక అడుగు జరిగి మళ్ళీ మూడు.

బూట్లు మూల జెండా పక్కన విడిచాడు. మేజోళ్ళు చుట్టి వాటిలోనే కుక్కాడు. రాత్రి పడిన మంచును తెల్లవారేసరికే ఊడ్చేసి, టార్పాలిన్లు చుట్టి పక్కన పెట్టాడు. ఎనిమిదిన్నరకి సగం మైదానం నడిచాడు. వేళ్ళు ఎర్రబడి, ఆ తర్వాత తెల్లబడ్డాయి. పచార్లు చేస్తున్నవాడిలా చేతులు వెనక్కి కట్టుకుని ముందుకు సాగాడు.

పొట్టి మనిషి. సున్నపు నీళ్ళు తిన్న గోళ్ళు, గీతల బండి తోసి తోసి కాస్త ముందుకు వంగిన నడుము. మైదానమంతా ఒకసారి గీయాలంటే ఏడు వందల మీటర్లు నడవాలి. ఏడాదికి అరవైసార్లు, ముప్పై ఒక్క ఏళ్ళు. కలిపితే పదమూడు వందల కిలోమీటర్లు. అంత దూరం నడిచిన మనిషి ఏదో ఒక ఊరు చేరాలి. ఈయన బయల్దేరిన మూల జెండా దగ్గరికే చేరాడు. అలాగని నష్టపోయాడని అనలేం. ఇన్నేళ్ళలో ఆయన గీసిన గీత వంకరని ఒక్కడు వేలెత్తి చూపలేదు. ఈ బేరంలో ఆయనకి మిగిలింది అదే, అది తక్కువదేం కాదు.

ఈ ఏడాది ఊరి క్లబ్బు మొదటిసారి దేశ విజేత అయింది. అందుకే చలికాలపు కప్పుకి పిలుపొచ్చింది. ఎనిమిది దేశాలు, ఎనిమిది విజేత క్లబ్బులు. ఈ మైదానంలో మూడు మ్యాచీలు, మొదటిది ఇవాళ నాలుగింటికి. పన్నెండింటికి కప్పు నిర్వాహకుల పరిశీలకుడు వస్తాడు. నేల పనికిరాదని ఆయన రాస్తే మూడూ పక్క నగరానికి పోతాయి. అక్కడ గడ్డి కింద వేడినీళ్ళ గొట్టాలున్నాయి. ఇక్కడ గడ్డి కింద మట్టి, మట్టి మీద గీతలాయన.

గేటు దగ్గర కూర్చునే మనిషి కుడికాలు ఈడ్చుకుంటూ టీ తెచ్చాడు.

"మామా, కాళ్ళు పోతే మళ్ళీ మొలవవు. బూట్లేసుకో."

"నేను నీ కాలు పోగొట్టింది చాలు. ఇంక నా కాళ్ళ లెక్క నీకెందుకురా?"

"పదకొండేళ్ళయింది. ఇంకా వదలవా?"

ఆయన టీ ఊదుకున్నాడు. పదకొండేళ్ళ కిందట ఇలాంటి పొద్దునే గీత అవతల నిలబడి, గ్లాసు చేత్తో పట్టుకుని, పచ్చగా కనిపించిన నేలని చూసి "బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. ఉత్తరం గోలు ముందు, స్టాండు నీడ పడేచోట, గడ్డి కింద మంచు రాయిలా ఉంది. ఇరవై రెండేళ్ళ డిఫెండరు అక్కడ జారాడు. మోకాలు మళ్ళీ కుదురుకోలేదు. క్లబ్బు అతనికి గేటు దగ్గర కుర్చీ ఇచ్చింది. ఆ రోజు నుంచి గీతలాయన కంటిని నమ్మడం మానేశాడు.

పన్నెండింటికి పరిశీలకుడు వచ్చాడు. చేతిలో ఇనప సూది. దాన్ని పదిచోట్ల గుచ్చి చూశాడు. పదిచోట్లా దిగింది. బంతి వదిలితే సరిగ్గానే లేచింది.

"బాగానే ఉంది పెద్దాయనా. సంతకం పెట్టేస్తాను."

సంతకం పెడితే అయిపోయేది. గీతలాయన ఒట్టి కాళ్ళతో ఉత్తరం గోలు ముందుకు నడిచి నిలబడ్డాడు.

"ఇక్కడ గుచ్చండి సార్."

సూది వేలెడు దిగి ఆగిపోయింది.

పరిశీలకుడు ఆయన్ని కిందినుంచి పైకి చూశాడు. "మీ సరుకులో మచ్చ మీరే చూపిస్తారేంటి?"

"మచ్చ నాది కాబట్టే సార్. మూడు మీటర్ల ముక్క. ఒక్క గంట ఇవ్వండి."

"గంటలో కరగకపోతే?"

"పట్టుకెళ్ళిపోండి. నేనడ్డం రాను."

పరిశీలకుడు గడియారం చూసుకున్నాడు. "ఒకటి దాటితే నిమిషం కూడా ఆగను."

గీతలాయన పరుగులాంటి నడకతో స్టాండు కింద ఉన్న బట్టల గదికి వెళ్ళాడు. ఆటగాళ్ళ బట్టలు ఉతికి ఆరబెట్టేది ఆయన భార్యే. ఆరబెట్టే యంత్రంలోంచి తువ్వాళ్ళు పొగలు కక్కుతూ వస్తున్నాయి.

"తువ్వాళ్ళన్నీ ఇవ్వు."

"అన్నీయా? ఆట అయ్యాక వాళ్ళు దేంతో తుడుచుకుంటారు, నా కొంగుతోనా?"

"గెలిస్తే చొక్కాలు విప్పి తుడుచుకుంటారు. ఓడితే కళ్ళు తుడుచుకోవడమే కదా, దానికి చేతులు చాలు."

"చచ్చేలోపు నీ నోటికి ఒక్కసారైనా మాట కరువొస్తుందా అని చూస్తున్నా." అంటూనే ఆమె ఒక మోపు ఎత్తి ఆయన భుజాన వేసింది. "ఎడంచెయ్యి అలా రుద్దుకుంటున్నావేంటి?"

"చలికి పట్టేసింది. నువ్వు యంత్రం ఆపకు."

వేడి తువ్వాళ్ళు నాలుగు వరసలు పరిచి పైన టార్పాలిన్ కప్పారు. చల్లారినవి బట్టల గదికి, వేడివి మైదానానికి. గేటు మనిషి కాలు ఈడ్చుకుంటూ తొమ్మిదిసార్లు మోశాడు. తను పడిన చోటు అదేనని అతనికి తెలుసు. గీతలాయనకీ తెలుసు. ఒంటిగంటకి ఐదు నిమిషాలుందనగా గీతలాయన టార్పాలిన్ లాగేసి, అరికాలు ఆనించి మూడు లెక్కపెట్టాడు. తడి ఊరింది. నమ్మకం చాలక ఇంకో మూడు లెక్కపెట్టాడు.

సూది పిడిదాకా దిగింది. పరిశీలకుడు అక్కడే, గోలుపోస్టుకి కాగితం ఆనించి సంతకం పెట్టాడు.

తర్వాత ఏడు వందల మీటర్లు గీశాడు. సెంటర్ సర్కిల్ దగ్గర ఒకసారి, చివరి మూల దగ్గర ఒకసారి ఆగి ఊపిరి తీసుకున్నాడు. అంతకుముందు ఎప్పుడూ ఆగలేదు. గీత మాత్రం వంకర పోలేదు.

నాలుగింటికి ఆట మొదలైంది. ఆయన ఎప్పటిలాగే పనిముట్ల గదిలో తిరగేసిన బకెట్ మీద కూర్చుని, గోడకి వీపు ఆనించాడు. విరామం వేళ భార్య చివరి తువ్వాలు వేడిగా తెచ్చి ఆయన పాదాలకి చుట్టింది.

"ఆ ముక్క మీద ఎవరైనా పడితే చెప్పు," అన్నాడు.

"నీ ముక్క మీద ఎవరూ పడరులే. కళ్ళు మూసుకో కాసేపు."

మూసుకున్నాడు.

రెండో సగంలో ఉత్తరం గోలు ముందు ఊరి డిఫెండరు కాలు చాచి జారి, బంతిని గీత మీదనుంచి తప్పించి, మట్టి దులుపుకుని లేచాడు. స్టాండంతా ఒక్కసారిగా అరిచింది. ఆ సంగతి చెప్పడానికే ఆమె పనిముట్ల గదికి వచ్చింది. "ఏమయ్యా, లేచాడు," అంది. ఇంకోసారి పిలిచింది. తర్వాత వంగి పాదాలు తడిమింది. తువ్వాలు ఇంకా వెచ్చగా ఉంది, పాదాలు వెచ్చగా లేవు. ఆమె వాటిని రెండు చేతులతో చాలాసేపు రుద్దుతూనే ఉంది.

ఆట ముగిసింది. జనం వెళ్ళిపోయారు. గేటు మనిషి జెండాలు ఒక్కొక్కటే పీకుతూ వచ్చి చివరి మూల దగ్గర ఆగిపోయాడు. కొత్తగా మంచు పడుతోంది. తెల్లగీతకి అంగుళం అవతల, గీతని తాకకుండా, మేజోళ్ళు లోపల కుక్కిన ఒక జత బూట్లు మైదానం వైపు మొహం పెట్టి ఉన్నాయి.