హార్మోనియం లోపలికి రావద్దట

వనపర్తి నుంచి గోపాల్‌పేటకు పోయే దారిలో, ఊరు దాటిన తర్వాత వచ్చే వృద్ధాశ్రమంలో స్వరూప ఆరేళ్లుగా నర్సుగా పనిచేస్తోంది. పుట్టింది గద్వాలలో, మగ్గం ఉన్న ఇంట్లో. వయసు నలభై నాలుగు. ఆమెకు కోపం ఎక్కువని అక్కడ అందరూ అనేవారు. తేదీ దాటిన మాత్ర ఒక్కటి కనిపిస్తే మందుల పెట్టె మొత్తం నేలమీద బోర్లించేది. చల్లారిన అన్నం పెట్టారని వంటమనిషితో పోట్లాడి, ఆ పూట తనే పొయ్యి వెలిగించింది. పెద్దవాళ్ల మీద మాత్రం ఏనాడూ గొంతు పెంచలేదు.

ఆశ్రమానికి పాటలు కొత్త కాదు. ఎవరిదో పుట్టినరోజని సౌండ్ బాక్సులు తెచ్చేవారు. రెండు గంటలు మోగించి, కేకు కోసి, ఫొటోలు దిగి పోయేవారు. వాళ్లు పోయాక స్వరూప తలనొప్పి మాత్రలు పంచేది.

ఒకసారి బాలకిష్టయ్య అనే పెద్దాయనకు ఛాతీలో కఫం చేరితే ఆమె దవాఖానకు తీసుకుపోయింది. పక్క మంచం మీద ఒక ముసలి రోగి పడుకుని ఉన్నాడు. అతని తమ్ముడు చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా పాడుతున్నాడు. గొంతు ఆ మంచం దాటి పెద్దగా పోవడం లేదు. అయినా వార్డులో ఒక్కొక్కరే మాటలు ఆపేశారు. సెలైన్ మార్చడానికి వచ్చిన సిస్టర్ కూడా సీసా చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ పాడే మనిషి పేరు యేసయ్య. గోపాల్‌పేటలో తాపీ మేస్త్రి. ఆదివారం తెల్లవారుజాము ఆరాధనలో, చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. భజన జరిగితే అక్కడికీ పోతాడు, నాట్లప్పుడు పొలం గట్టు మీద కూడా పాడతాడు.

"అన్నా, మా ఆశ్రమంల పాడతవా?" అని అడిగింది స్వరూప.

"ఎందరుంటరమ్మా?"

"ముప్పై ఒక్కమంది."

"వాళ్లకు ఏం పాటలు గావాలె?"

ఎవరికి ఏ మాత్ర పడదో స్వరూపను నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ఎవరికి ఏ పాట ఇష్టమో మాత్రం ఆరేళ్లలో ఒక్కసారీ అడగలేదు. ఆ రోజు ఆమెకు తన మీదే కోపం వచ్చింది.

మరునాటి నుంచి ఒక నోటుబుక్ పట్టుకుని మంచం మంచానికీ తిరిగింది. పదకొండు రోజులు పట్టింది. కొందరు నమ్మలేదు, "గివన్ని ఎవరికి గావాలె బిడ్డా?" అన్నారు. మల్దకల్ దగ్గరి పల్లెలో జీవితమంతా నాట్లు వేసిన హన్మమ్మ, నాటు పాట లేకపోతే తనను లేపవద్దని ముందే చెప్పింది. మగ్గం మీద యాభై ఏళ్లు కూర్చున్న బాలకిష్టయ్య చెవి మిషన్ సర్దుకుంటూ, "పాట ఏదైనా మంచిదే. పెద్ద సప్పుడు మాత్రం వద్దు. ఈ మిషన్ల పడితే సూదులు గుచ్చినట్టుంటది" అన్నాడు. కన్నడ సరిహద్దు నుంచి వచ్చిన తిమ్మమ్మకు మూత్రం ఆపుకోవడం కష్టం. ఆమె సిగ్గుపడుతూ, "నాకు బేడ బిడ్డా, వద్దు. నడుమల లేసి పోవాల్సొస్తది. నలుగురి ముందల బాగుండదు" అంది.

"తలుపు పక్కన కుర్సీ ఏస్త అవ్వా. ఎన్నిసార్లన్న లేసి పో. నేనుంట" అని స్వరూప మాట ఇచ్చింది.

యేసయ్య ఒక శనివారం వచ్చి హాలు చూసి పోయాడు. డోలక్ వాయించే దర్జీ సాయన్నను వెంట తెచ్చాడు. మైకు వద్దన్నాడు. కుర్చీలు అర్ధచంద్రంగా వేయమన్నాడు. ముప్పావు గంట కంటే ఎక్కువ పాడనన్నాడు. స్నానాలు, మాత్రలు అయ్యాక, భోజనానికి ముందు పదిన్నర మంచి సమయమని ఇద్దరూ అనుకున్నారు. లేవలేని నలుగురు వెనక గదిలో ఉంటారని తెలిసి, ముందు అక్కడ రెండు పాటలు పాడి హాల్లోకి వస్తానన్నాడు. నెల చివరి ఆదివారం ఖాయం చేసుకున్నారు. ఆశ్రమం కార్యదర్శి అరవింద్ ఫోన్ చూసుకుంటూనే, "మంచిదే సిస్టర్, పెట్టుండ్రి" అన్నాడు.

గురువారం నాడు గేటుకు బ్యానర్ వేలాడింది. ప్లాట్ల వ్యాపారం చేసే ప్రదీప్ అనే ఆయన ఫొటో, నిలువెత్తున. ఆయన జన్మదినం సందర్భంగా సంగీత విభావరి, నాగర్‌కర్నూల్ ఆర్కెస్ట్రా. అదే ఆదివారం, అదే పదిన్నర.

స్వరూప నేరుగా ఆఫీసు గదిలోకి పోయింది. "సార్, ఇదేంది? యేసయ్యన్నకు మాటిచ్చినం."

"ఆయనతోని గూడ స్టేజి మీద ఒక పాట పాడిపిద్దాం, టైముంటే."

"స్టేజి వద్దు, బాక్సులు వద్దు అని వీళ్లే చెప్పిండ్రు సార్. అందర్ని అడిగి రాసుకున్న." నోటుబుక్ బల్ల మీద పెట్టింది.

అరవింద్ దాన్ని తెరవలేదు. "సిస్టర్, జర అర్థం జేసుకో. మేడ మీద గదులు కట్టిస్తనంటుండు ఆయన. సౌండ్ తక్కువ పెట్టమని చెప్త. నువ్వు పరేషాన్ కాకు."

ఆదివారం తొమ్మిదిన్నరకే అందరినీ వాకిట్లో షామియానా కింద కూర్చోబెట్టారు. కొత్త శాలువాలు కప్పి, ఫొటోలయ్యే దాకా తీయవద్దన్నారు. మనిషి కంటే ఎత్తున్న బాక్సులు రెండు అటూ ఇటూ నిలబెట్టారు. తిమ్మమ్మకు మాట ఇచ్చిన తలుపు పక్క కుర్చీ లేదు. ఆమెను మొదటి వరుస నడుమ కూర్చోబెట్టారు, మొహం బాగా కనపడుతుందని. స్వరూప ఆమెను లేపబోతే అరవింద్ అడ్డం వచ్చి, వెనక గదిలో వాళ్లకు ఇంజెక్షన్ టైమైందని గుర్తు చేశాడు. అది నిజమే. ఆమె లోపలికి పోక తప్పలేదు.

ముఖ్య అతిథి ప్రదీప్ వచ్చేసరికి పన్నెండు దాటింది. ఆయన కారు దిగగానే బాక్సులు ఒక్కసారిగా పేలాయి. వెనక గదిలో కిటికీ రేకులు అదిరాయి. మంచంలో ఉన్న ముసలామె ఉలిక్కిపడి స్వరూప చెయ్యి పట్టుకుంది. ఆమె పట్టు విడిపించుకుని బయటికి రావడానికి స్వరూపకు చాలాసేపు పట్టింది.

బయట పాటగాడు "చప్పట్లు! గట్టిగా!" అని అరుస్తున్నాడు. బాలకిష్టయ్య చెవి మిషన్ పీకి ఒళ్లో పెట్టుకుని, రెండు అరచేతులతో చెవులు మూసుకున్నాడు. పక్కనున్న ఎవరో ఆ చేతులు పట్టుకుని చప్పట్లు కొట్టిస్తున్నారు. తిమ్మమ్మ లేవబోతోంది. వీడియో తీసే మనిషి ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెడుతున్నాడు. "ఐదు నిమిషాలు అవ్వా, కేకు అయినంక పోదువు." మళ్లీ లేచింది. మళ్లీ కూర్చోబెట్టాడు. మూడోసారి ఆమె లేవలేదు. తల వంచుకుంది. కుర్చీ కింద నేల తడిసింది.

వీడియో మనిషి కెమెరా దించి, "ఈ ముసలామెను ఎన్కకు జరుపుండ్రి, ఫ్రేములకొస్తుంది" అన్నాడు.

స్వరూప జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది. అతిథికి కప్పడానికి పళ్లెంలో మడిచి పెట్టిన పట్టు శాలువా తీసుకుంది. తిమ్మమ్మ నడుము చుట్టూ, మోకాళ్ల కింది దాకా చుట్టింది. తర్వాత గోడ దగ్గరికి నడిచి మెయిన్ స్విచ్ కిందికి గుంజింది.

పాట నడుమలో తెగిపోయింది.

"పిచ్చి గిట్ల లేసిందా నీకు?" అరవింద్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"లేసింది సార్. మూడు గంటలాయె వీళ్లు కుర్సీలల్ల కూసుని. నీళ్లిచ్చిండ్రా? ఒక్కరన్న లేసి పోనిచ్చిండ్రా? గీ పాట ఎవరికి వెట్టిండ్రు, చెప్పుండ్రి. ఎనభై ఏండ్ల మనిషిని బలిమిన కూసోవెట్టి పరువు దీసిండ్రు. మీ అమ్మనైతే గిట్లనే కూసోవెడ్తరా?"

"గొంతు తగ్గించు. సార్ ఉన్నడు."

"గిప్పటిదాంక గీ బాక్సులను తగ్గించుమంటె తగ్గించిండ్రా?"

ప్రదీప్ కత్తి చేతిలో పట్టుకుని కేకు ముందు నిలబడిపోయాడు. తిమ్మమ్మ వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "నాకు తెల్వదమ్మా. రమ్మంటే వచ్చిన," అన్నాడు. కత్తి పక్కన పెట్టి, ఎవరి వైపూ చూడకుండా కారెక్కి పోయాడు.

స్వరూప తిమ్మమ్మను లోపలికి తీసుకుపోయి, ఒళ్లు కడిగి, చీర మార్చింది. ఆ ముసలామె ఏడవలేదు. "నేను బేడ అన్న గద బిడ్డా" అని మాత్రం అంది. ఆ మాట స్వరూపకు ఎవరి తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

యేసయ్య, సాయన్న పొద్దున తొమ్మిది నుంచీ వంటగది వెనక మెట్ల మీద కూర్చునే ఉన్నారు. స్టేజి మీదికి పిలుస్తామని చెప్పి, ఎవరూ పిలవలేదు.

"తప్పయింది అన్నా. మొకం సూపియ్యలేకున్న. పోండ్రి" అంది స్వరూప.

యేసయ్య హార్మోనియం భుజానికెత్తుకుంటూ, "ఆ పండుకున్న నలుగురి దగ్గరికి ఎవరన్న పోయిండ్రా?" అని అడిగాడు.

వెనక గదిలో మంచాల నడుమ చాప వేసుకుని కూర్చుని అతను మెల్లగా మొదలుపెట్టాడు. రెండో పాటకు గుమ్మం దగ్గర కర్రల చప్పుడు వినపడింది. శాలువాలు తీసేసి ఒక్కొక్కరూ వస్తున్నారు. నాటు పాట అందుకుని "కొంగు తడిసెనే వదినా, ఏరు దాటొస్తుంటె" అని పాడుతుంటే హన్మమ్మ చెయ్యెత్తి ఆపేసింది.

"ఏరు గాదు, వాగు! మా తాన ఏరెక్కడిది? సక్కగ పాడు."

యేసయ్య నవ్వి, వాగు అని పాడాడు. హన్మమ్మ తర్వాతి చరణం తనే అందుకుంది. బాలకిష్టయ్య మిషన్ మళ్లీ పెట్టుకోలేదు. వచ్చి హార్మోనియం పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. తిమ్మమ్మ రాలేదు. తన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

సోమవారం అరవింద్ ఒక కాగితం ముందుకు తోశాడు. స్వంత కారణాల వల్ల ఉద్యోగం మానుకుంటున్నానని రాసి ఉంది.

"నాకు స్వంత కారణాలు లేవు సార్. నేను సంతకం పెట్ట. తీసేస్తే మీరే తీసేయుండ్రి, ఎందుకు తీసేసిండ్రో రాసియ్యుండ్రి."

అతను రాసివ్వలేదు. రేపటి నుంచి రావద్దన్నాడు. ఆ రోజు పేపర్లో జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. కింద 'వృద్ధుల మోముల్లో ఆనందం' అని ఉంది. చెవులు మూసుకున్న బాలకిష్టయ్య చేతులు పైకెత్తి ఆడుతున్నట్టు కనిపిస్తున్నాడు. స్వరూప ఆ పేపర్‌ను నలిపి పొయ్యిలో పెట్టింది. అది కాలిపోయినా కోపం అట్లాగే ఉంది.

తర్వాతి ఆదివారం చూడ్డానికి వచ్చేవాళ్ల సమయంలో ఆమె యేసయ్యను, సాయన్నను వెంటబెట్టుకుని గేటు దగ్గర నిలబడింది. కాపలా మల్లేశ్ తల గోక్కున్నాడు.

"అక్కా, మనుషులు పోవచ్చట. హార్మోనియం, డోలక్ లోపలికి రావద్దట. సార్ చెప్పిండు. నన్నేం జెయ్యమంటవు?"

స్వరూప గేటు చువ్వలు పట్టుకుని ఊపింది. "పాట లోపలికి పోతే ఏమైతదట? గోడలు గూల్తయా?"

వరండాలో కూర్చున్న హన్మమ్మ అంతా విన్నది. లేచి, తను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీని ఈడ్చుకుంటూ గేటు దాకా వచ్చింది. నాలుగడుగులకొకసారి ఆగి ఊపిరి తీసుకుంది.

"మల్లేశా, తియ్యి గేటు. అది లోపలికి రాకుంటె నేనే బయటికి పోత. గిదేమన్న జైలా?"

పెద్దవాళ్లను గేటు బయటికి పోనివ్వద్దని మల్లేశ్‌కు ఎవరూ చెప్పలేదు. తీశాడు. ఆమె వెనక బాలకిష్టయ్య వచ్చాడు. ఇంకొకరు, మరొకరు. స్వరూప, మల్లేశ్ కుర్చీలు మోశారు. అందరూ కూర్చునేసరికి ముప్పావు గంట పట్టింది. రోడ్డు పక్కన, గేటుకు అడ్డంగా, అర్ధచంద్రంగా ఇరవై ఆరు కుర్చీలు. ఇరవై ఏడో కుర్చీ స్వరూప గేటు పక్కనే వేసి లోపలికి చూసింది. తిమ్మమ్మ వరండా స్తంభం పట్టుకుని నిలబడి ఉంది.

"అవ్వా, రా. లేసి పోయే దారి దగ్గరనే ఏసిన."

తిమ్మమ్మ స్తంభం వదిలి మెల్లగా నడిచింది. వచ్చి కూర్చుంది.

మూడో పాట నడుస్తుండగా అరవింద్ కారు వచ్చింది. లోపలికి పోవడానికి దారి లేదు. హారన్ కొట్టాడు. ఎవరూ కదల్లేదు. మళ్లీ కొట్టాడు. హన్మమ్మ వెనక్కి తిరిగింది.

"ఆ సప్పుడు ఆపు కొడుకా. పాట అయిపోలే."

బస్సు కోసం నిలబడ్డ జనం, దారిన పోయే ట్రాక్టరు వాళ్లు ఆగి చూస్తున్నారు. ఒకరిద్దరు ఫోన్లు పైకెత్తారు. అరవింద్ కారు దిగి, గొంతు తగ్గించి, "సిస్టర్, ఏంది ఇది? పరువు పోతుంది. లోపల పెట్టుకోండ్రి" అన్నాడు.

"లోపలికే పోతం సార్. లేవలేనోళ్లు నలుగురు లోపలనే ఉన్నరు" అంది స్వరూప. "మీరు జర పక్కకు జరుగుండ్రి."

యేసయ్య హార్మోనియం ఎత్తుకుని అరవింద్ పక్కనుంచి గేటు దాటాడు. సాయన్న డోలక్‌తో వెనకే పోయాడు. ఎవరూ ఆపలేదు.

స్వరూపకు ఆ ఉద్యోగం తిరిగి రాలేదు. ఇప్పుడు బస్టాండు దగ్గర ఒక చిన్న దవాఖానలో చేస్తోంది. నెలలో రెండు ఆదివారాలు యేసయ్య, సాయన్నలతో ఆశ్రమానికి పోతుంది. పాటల సంగతి నోటుబుక్ చూసే నిర్ణయిస్తారు. ఆ నోటుబుక్ ఇప్పుడు హన్మమ్మ దిండు కింద ఉంటుంది. అరవింద్ ఎదురుపడితే నమస్తే పెడతాడు. స్వరూప పెట్టదు.