తండ్రి పేరు లేని ఎలిమెంటు

శాంసన్ పనిచేసే కంప్యూటర్ ఆఫీసు నంద్యాల బస్టాండు దగ్గర, మందుల షాపు మేడ మీద ఉండేది. 2005లో ఒక ట్రస్టు నర్సింగ్ ట్రైనింగుకు ప్రవేశపరీక్ష పెట్టింది. దరఖాస్తుల్ని ఎక్స్‌ఎంఎల్ అనే పద్ధతిలో కంప్యూటర్ ఫైలుగా మార్చి హైదరాబాదులోని ట్రస్టు ఆఫీసుకు పంపే పని ఈ ఆఫీసుకు వచ్చింది. ఆ ఫైల్లో ఒక్కో అమ్మాయికి ఒక్కో ఎలిమెంటు, అంటే ఒక గడి లాంటిది. పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు దానికి ఆట్రిబ్యూట్లు, అంటే ఆ గడిలో నింపే వివరాలు. ఫైలు తయారుచేసే రెడీమేడ్ ప్రోగ్రామును, లైబ్రరీ అంటారు దాన్ని, హైదరాబాదు వాళ్లే ఇచ్చారు. దాని లోపల ఏముందో చూసే వీల్లేదు, వాడుకోవడమే.

పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం ఆళ్లగడ్డ నుంచి కృపమ్మ అనే కూలిమనిషి, కూతురు అరుణను వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

“అందరికీ హాల్‌టికెట్టు వచ్చిండాది, మా పాపకే రాలేదప్పా. యాడ ఆగిందో సూడు.”

శాంసన్ వెతికాడు. టైపు చేసిన వివరాల్లో అరుణ ఉంది. హైదరాబాదుకు పోయిన ఫైల్లో లేదు. తండ్రి పేరు ఖాళీగా ఉండటంతో లైబ్రరీ ఆ ఎలిమెంటునే వదిలేసింది. వదిలేశానని తెర మీద ఒక్క ముక్కా చెప్పలేదు.

“తండ్రి పేరు రాయలేదేం అక్కా?”

“రాయలే. బిడ్డ నాది కాదన్యాడు వాడు, చర్చి సంఘం పెద్దలందరి ముందర. ఆ పొద్దు నుంచి వాని పేరు నా నోట రాలే. నా పేరు రాయి. కన్నది నేను, సాకింది నేను.”

శాంసన్ తల్లి పేరు కోసం కొత్త ఆట్రిబ్యూటు చేర్చి చూశాడు. అలాంటిది తనకు తెలియదని లైబ్రరీ ఎర్రక్షరాల్లో తిప్పికొట్టింది. తండ్రి పేరు చోట కృపమ్మ అని పెడితే ఫైలు హైదరాబాదుకు వెళ్తుంది. కానీ సీటు వచ్చాక బడి సర్టిఫికెట్‌తో పోలుస్తారు.

“బళ్లో ఏం పేరు రాసుకున్యారక్కా?”

“పంతులు ఎవర్నో అడిగి వాని పేరే రాసుకున్యాడు.”

“అదే పెట్టాల. లేకుంటే చేరేటప్పుడు తీసేస్తారు.”

అరుణ తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

“నేను చెప్తా లేమ్మా.”

“నువ్వొద్దు.” కృపమ్మ కొంగుతో మూతి తుడుచుకుని, గోడ వైపు చూస్తూ అంది. “రాజరత్నం.”

శాంసన్ టైపు చేశాడు. ఈసారి లైబ్రరీ ఏమీ అనలేదు. ఫైలు పంపి, హైదరాబాదుకు ఫోన్ చేశాడు.

“వచ్చింది బ్రదర్,” అన్నాడు అవతలి మనిషి మర్యాదగానే. “కానీ హాల్‌టికెట్ల పని నిన్ననే మూసేశాం. ఇక మేమూ తెరవలేం.”

“తప్పు ఆ పిల్లది కాదు సార్, మీరిచ్చిన లైబ్రరీది.”

“అది మేం రాసింది కాదు. కొన్నాం. రాసినవాళ్లు ఎవరో మాకూ తెలియదు.”

ఫోన్ పెట్టేసినా శాంసన్ వాళ్ల వైపు తల తిప్పలేకపోయాడు. ముందే ఫోన్ చేసి ఉంటే ఆమె చేత ఆ పేరు పలికించే అవసరం ఉండేది కాదని అప్పుడు తట్టింది.

“ఏమన్యారప్పా?”

చెప్పాడు. కృపమ్మ కంప్యూటర్ వైపు వేలు చూపించింది.

“అట్లయితే ఆ పేరు తీసెయ్.”

“ఈడ తీసేస్తానక్కా. పైకి పోయింది నా చేతుల్లో లేదు.”

“పోయినేది తిరిగి రాదా?”

“రాదక్కా.”

మర్నాడు శాంసన్ పరీక్ష జరిగే బడి దగ్గరకు పోయాడు. తల్లీకూతుళ్లు అప్పటికే గేటు దగ్గర ఉన్నారు. శాంసన్ తన ఆఫీసు కార్డు చూపించి జరిగింది చెప్పబోతే, హాల్‌టికెట్టు లేనిదే పంపనని గేటు మనిషి అన్నాడు. అతని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఏమీ లేదు. లోపల గంట కొట్టారు. తెచ్చుకున్న రెండు పెన్నుల్నీ అరుణ సంచిలో వేసుకుంది.

మరుసటి ఏడాది మళ్లీ ప్రకటన పడింది. శాంసన్ ఆళ్లగడ్డ పోయి కృపమ్మ ఇల్లు వెతుక్కుని అరుణ చేతికి కొత్త దరఖాస్తు ఇచ్చాడు. అరుణ అప్పటికే బట్టల కొట్లో పనిలో చేరింది. దరఖాస్తు అటూ ఇటూ తిప్పి చూసి, తండ్రి పేరు గడి దగ్గర ఆగింది.

“ఇది ఇంకా ఉండాదా అన్నా?”

“ఉండాది.”

“మా అమ్మ నన్ను రాయనీదు. ఆమెతో మళ్లా చెప్పించలేనన్నా,” అంటూ కాగితం తిరిగి అతని చేతిలో పెట్టింది. “నీళ్లు తాగి పో, ఎండలో వచ్చినావు.”