పగడాల దీవి పంచాంగం

"అన్నం తినే కంచం బోర్లించి దాని చుట్టూ గీతలు గీస్తావేమే? ఇంటికి దరిద్రం" అంది అన్నపూర్ణమ్మ, వసారాలో కూర్చుని దీపారాధనకు వత్తులు చేసుకుంటూ.

హైమావతి కంచం తీసి పక్కన పెట్టింది. గీత అప్పటికే పూర్తయింది. అట్ట మీద కంచమంత వలయం, దాని లోపల తిరగడానికి నేతిగిన్నె మూతతో గీసిన మరో చిన్న వలయం. వంటింట్లో మినప్పప్పు నానుతోంది. రేపు మాఘ పున్నమి. ఆడపడుచు ఝాన్సీలక్ష్మి అత్తవారు గుడివాడ నుంచి మంగినపూడి సముద్ర స్నానానికి వస్తున్నారు, స్నానం చేసి తిన్నగా ఇక్కడికే భోజనానికి వస్తారు. గారెలు, పులిహోర, బూరెలు, ఇంకా అత్తగారికి గుర్తొచ్చినవన్నీ చెయ్యాలి. ఈలోగా ఈ చక్రం తెమలాలి. ఎల్లుండి టపాలో అది మద్రాసు వెళ్ళాలి.

చక్రం కథ చెప్పాలంటే హైమావతి భర్త మధుసూదనరావు సంగతి చెప్పాలి. బందరులో జిల్లా కచేరీ గుమాస్తా. పగలు దస్త్రాలు రాస్తాడు, సాయంత్రాలు జానపద నవల రాస్తాడు. ఆ నవల ఒక మద్రాసు వారపత్రికలో సీరియల్‌గా వస్తోంది. అందులో పగడాల దీవి అని ఒక రాజ్యం ఉంది. ఆ దీవిలో సూర్యుడి లెక్క లేదు, అంతా చంద్రుడి లెక్కే. పున్నమి మర్నాడు నెల మొదలవుతుంది, మళ్ళీ పున్నమికి ముగుస్తుంది. నెలలకు గాలుల పేర్లు. అంతవరకు బాగానే ఉంది. అధిక మాసం దగ్గరికి వచ్చేసరికి ఆయనకు విసుగు పుట్టి, "రాజుగారికి ఏ నెల ఇష్టమైతే ఆ నెల రెండుసార్లు వచ్చును" అని రాసి చేతులు దులుపుకున్నాడు. తర్వాత ఆ రాజుగారి ఇష్టం ఆయనకే గుర్తు లేదు. బంటుమిల్లి నుంచి ఒక పాఠకుడు, "రాణిగారికి పదమూడు నెలలు నిండినా పురుడు రాదేమండీ?" అని ఉత్తరం రాశాడు. సంపాదకుడు నవ్వి ఊరుకోకుండా మంచి ఉపాయం పట్టాడు. మన తేదీ పెడితే దీవి తేదీ చూపించే చక్రం ఒకటి చేసిస్తే ఉగాది సంచికతో పాటు పంచుతానన్నాడు. ఎవరి పుట్టినరోజు పగడాల దీవిలో ఏ రోజో వాళ్ళు చూసుకుంటారు.

"అదెంత పని!" అని మధుసూదనరావు కూర్చున్నాడు. మూడు సాయంత్రాలు కూర్చున్నాక తల ప్రాణం తోకకొచ్చింది. "హైమా, నువ్వు ఎస్సెల్సీలో లెక్కల్లో ఫస్టు కదూ, కాస్త చూసిపెట్టు" అన్నాడు.

ఆ ఇంట్లో హైమావతి చేసే ప్రతి పనికీ ముందు ఒక 'కాస్త' ఉంటుంది. కాస్త కాఫీ, కాస్త కూతురు ఇందిరకి జడ, కాస్త అత్తగారి కాళ్ళకి నూనె, కాస్త పదిహేనుమందికి వంట. కాస్త అన్న మాట తగిలిస్తే పని తేలికైపోతుందని వాళ్ళ నమ్మకం. మోసేవాళ్ళు వేరే కనక తేలికే. అయినా ఈ 'కాస్త' మాత్రం హైమావతికి తియ్యగా తగిలింది. ఏడాది మారినప్పుడల్లా చంద్రుడు పదకొండు రోజులు వెనకబడతాడు, కనక లోపలి బిళ్లను పదకొండు గళ్ళు తిప్పాలి. అధిక మాసం వచ్చిన ఏడు మళ్ళీ సర్దాలి. రాజుగారి ఇష్టానికి కూడా ఆమె ఒక సూత్రం కట్టిపడేసింది. "రాజు కదా, వాడిష్టం" అని భర్త గొణిగితే, "రాజుగారికైనా చక్రం ఒకవైపే తిరుగుతుందండీ" అంది. మొదట ఏడాది చూడు, అప్పుడు ఇన్ని గళ్ళు తిప్పు, తర్వాత నెల దగ్గర ఆగు, బాణం ఎక్కడ నిలిచిందో అదే దీవి తేదీ. మెట్లు మెట్లుగా, ఇందిర కూడా చెయ్యగలిగేటట్టు రాసింది. పప్పు పొంగేలోగా ఒక మెట్టు, అన్నం వార్చేలోగా ఇంకో మెట్టు. ఎన్నాళ్ళకో ఆమె మనసు తనదిగా ఒక పని మీద నిలిచింది. అందుకు ఆమెకు సిగ్గేసేటంత సంతోషంగా ఉంది.

బిళ్లలు రెండూ కత్తిరించి, మధ్యలో గుండుసూది గుచ్చి, చక్రాన్ని పరీక్షించడానికి కూర్చుంది. రెండు లెక్కల్లోనూ తెలిసిన రోజులు కావాలి. ముందు తన పెళ్ళిరోజు చూసింది. శుభలేఖ మీద తేదీ, తిథి రెండూ ఉంటాయి కదా. సరిపోయింది. ఇందిర పుట్టినరోజు చూసింది. సరిపోయింది. మూడోది ఏమిటా అనుకుంటే అమ్మ పోయిన రోజు తట్టింది.

ఆ తిథి ఆమెకు కొత్తగా తెలిసింది. మొన్న పామిడిముక్కలలో బంధువుల గృహప్రవేశంలో అన్నయ్య శోభనాద్రి కనిపించాడు. అవనిగడ్డ పక్కనే ఆమె పుట్టింటి ఊరు. అమ్మ పోయిన దగ్గర్నుంచి అన్నయ్య ఆమెతో ముభావంగానే ఉంటున్నాడు. కడుపుతో ఉన్నదాన్ని, పంపలేదన్నయ్యా అని ఎన్నిసార్లు చెప్పినా, "సరేలే" అనేవాడు తప్ప మొహం విప్పేవాడు కాడు. ఆ రోజు మాత్రం అన్నాడు. "అమ్మ తద్దినానికి ఎప్పుడైనా వచ్చావుటమ్మా? వైశాఖ బహుళ తదియ. గుర్తు పెట్టుకో. నీకు పనులెక్కువ." ఆడపిల్లకు తద్దినంతో పని లేదని ఆమెకు ఎవరూ తిథి చెప్పలేదు. ఆమె గోడ మీద క్యాలెండరు చూసి ఏటా మే పదమూడున ఒంటిపూట ఉంటుంది, అంతే. తిథి ఒక ఏడు ముందుకు, ఒక ఏడు వెనక్కి జరుగుతూ ఉంటుంది కనక ఆ రెండు రోజులూ ఎక్కడా ఎదురుపడలేదు.

బహుళ తదియ అంటే పున్నమి తర్వాత మూడో రోజు. పగడాల దీవి లెక్కలో నెల మూడో తారీఖు. 1955కు బిళ్ల తిప్పి, మే పదమూడు దగ్గర ఆపింది. బాణం ఏడు మీద నిలిచింది.

తప్పు చేశాననుకుంది. చెరిపి మళ్ళీ గళ్ళు లెక్కపెట్టింది. ఏడే. ఒక రోజు అటూ ఇటూ అయితే కావచ్చు, నాలుగు రోజులు ఎలా తప్పుతుంది? లెక్కలోనే తప్పుంటే పెళ్ళిరోజూ తప్పాలి, ఇందిర పుట్టినరోజూ తప్పాలి. కన్నతల్లి తిథి కొడుకు తప్పడు. ఈసారి వెనకనుంచి వచ్చింది. దీవి మూడో తారీఖు మీద బాణం పెట్టి మన తేదీ చూసింది. మే తొమ్మిది. సోమవారం.

హైమావతి చేతిలోంచి చక్రం ఒళ్ళో పడింది. ఝాన్సీలక్ష్మి పెళ్ళి ఆ గురువారం. అమ్మ పోయిందని తనకు చెప్పింది, పెళ్ళికూతురు అత్తవారింటికి బయల్దేరాక శనివారం. "నిన్న రాత్రి పోయిందిట" అన్నారు. నిన్న అంటే శుక్రవారం. మరి సోమవారం ఏమిటి? సోమవారానికీ శనివారానికీ మధ్య ఏం జరిగింది? ఏం జరిగిందో ఆమెకు బాగా గుర్తుంది, ఎందుకంటే అత్తవారింట్లో ఆమె దాచుకున్న నాలుగు మంచి రోజులు అవే. మంగళవారం నుంచి అత్తగారు ఆమెను 'ఏమే' అనలేదు, 'అమ్మా' అంది. మల్లెపూలు తనే తురిమింది. నూతి దగ్గర బిందె ఎత్తబోతే భర్త పరుగెత్తుకొచ్చి అందుకున్నాడు. ఏడో నెల కడుపుతో లడ్డూలు చుడుతుంటే వీపు కింద దిండు పెట్టారు. ఆమె పందిట్లోకి వస్తే మాట్లాడుకునేవాళ్ళు చటుక్కున ఆగి, "నువ్వు పాడమ్మా, నీ గొంతు బాగుంటుంది" అన్నారు. పొరుగింటి ఆవిడ ఒకరు కళ్ళొత్తుకుంటే, ఆడపిల్ల పెళ్ళి కదా అని ఏడుస్తోంది కాబోలు అనుకుంది. నలుగు పాటలు పాడింది, మంగళహారతి పాడింది. అడిగినకొద్దీ పాడింది. అమ్మ చితి ఆరకముందే పాడింది. వాళ్ళందరికీ తెలుసు. తెలిసే తలలో పూలు పెట్టారు. ఆ నాలుగు రోజుల్ని తలుచుకుని ఇన్నేళ్ళుగా ఎన్నో మాటలు దిగమింగింది, లోపల మనుషులు మంచివాళ్ళేలే అని.

లేచి వసారాలోకి వెళ్ళింది.

"అత్తయ్యా, మా అమ్మ పోయింది సోమవారం కదూ?"

"ఆఁ, సోమవారమే. తంతి కబురు మంగళవారం వచ్చింది" అంది అన్నపూర్ణమ్మ తల ఎత్తకుండా. "ఇప్పుడెందుకే ఆ ఊసు?"

కాదంటుందనీ, తడబడుతుందనీ అనుకుంది హైమావతి. కనీసం చేతిలో వత్తి అయినా ఆగుతుందనుకుంది. ఆగలేదు.

"నాకు శుక్రవారం అన్నారు కదత్తయ్యా."

"నాలుగు రోజులైందంటే నువ్వు ఇంకా కుళ్ళికుళ్ళి ఏడుస్తావని అన్నాం. కడుపుతో ఉన్నదానివి. విననిదానికి మైల లేదే తల్లీ, విన్నరోజు నుంచే మైల. పెద్దవాళ్ళు పెట్టిందే. నీ చెవిన పడిందంటే మూడు రోజులు నువ్వు వంటింటి గడప తొక్కకూడదు. పెళ్ళివారిల్లు ఎవరు చూస్తారు? నేనా, ఈ మోకాళ్ళతో? మొదటి తంతి వచ్చినప్పుడే అబ్బాయితో అన్నాను, దీన్ని పంపావంటే పెళ్ళి నడవదురా అని."

"మొదటి తంతా?"

ఇప్పుడు ఆగింది అత్తగారి చెయ్యి. "వాడినే అడుగు" అంది.

వాడు సాయంత్రం వచ్చాడు. చెప్పులు విడుస్తూనే, "చక్రం అయిందా?" అన్నాడు. అందుకుని తన పుట్టినరోజుకు తిప్పుకున్నాడు. చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. "భేష్! మధ్యలో నా పేరు వెయ్యి హైమా, చుట్టూ పగడాలు వేస్తే బాగుంటుంది" అన్నాడు. హైమావతి స్తంభానికి ఆనుకుని నిలబడింది. మంచివాడే. చెయ్యెత్తి కొట్టినవాడు కాదు, తాగినవాడు కాదు. అందుకే ఇప్పుడు ఆయన చెప్పబోయేది వినాలంటే ఆమెకు భయంగా ఉంది.

"ఝాన్సీ పెళ్ళికి ముందు మా ఊరి నుంచి రెండు తంతులు వచ్చాయిట కదండీ. మొదటిదాంట్లో ఏముంది?"

"ఏ తంతి?" అని, ఆమె మొహం చూసి, చక్రం కిందికి దించాడు. "అదా! ఎన్నేళ్ళయిందో అది. మీ అమ్మగారికి జబ్బుగా ఉంది, నిన్ను అడుగుతోంది, పంపమని మీ అన్నయ్య ఇచ్చాడు. శనివారం వచ్చింది. గురువారం ముహూర్తం. మాటలా? అయినా నేనేం ఊరుకోలేదు, ఆ పూటే జవాబిచ్చాను."

"ఏమని?"

"ఇప్పుడు రాలేను, పెళ్ళయ్యాక వస్తాను, హైమ అని."

"నా పేరుతోనా?"

"నీ పేరుతో ఇస్తేనే ఆవిడ నిమ్మళంగా ఉంటుందని ఇచ్చాను. నా పేరుతో ఇస్తే అల్లుడు పంపలేదని బాధపడదూ?" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో నిజంగానే దయ ఉంది.

పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే ఊరు. అమ్మ మంచం మీద పడుకుని గుమ్మం వైపు చూస్తూ ఉంటుంది. అన్నయ్య ఆ తంతి తెలుగులో చదివి వినిపించి ఉంటాడు. రాలేనందిరా? అని అమ్మ అడిగి ఉంటుంది. ఏడో నెలలో పుట్టింటికి రావలసిన పిల్ల, ఆడపడుచు పెళ్ళి పనులున్నాయని రాలేనంది. ఆ మాట నమ్మి, ఆ మాటతోనే కళ్ళు మూసి ఉంటుంది. పామిడిముక్కలలో అన్నయ్య అన్న 'పనులెక్కువ' ఎక్కడిదో ఇప్పుడు అర్థమైంది. అన్నేళ్ళుగా అన్నయ్యది కఠిన మనసు అనుకుంది తను. తన నోరు తనకు తెలియకుండా ఎవరో వాడుకున్నారు, వాడుకుని తుడిచి మళ్ళీ తన మొహానికే పెట్టారు. ఇలాంటివి ఈ ఇంట్లో తన పేరుతో ఇంకా ఎన్ని అయ్యాయో!

"ఈ బాణం గుర్తుకి ఎరుపు రంగు వేస్తే బాగుంటుంది కదూ?" అన్నాడు మధుసూదనరావు, సంగతి తెమిలిపోయిందనుకుని.

హైమావతి పెరట్లోకి నడిచింది. నూతిలో చేద వేసి నీళ్ళు తోడి, కట్టుకున్న చీరతోనే తల మీద కుమ్మరించుకుంది. మళ్ళీ తోడింది, మళ్ళీ కుమ్మరించుకుంది. అప్పుడు ఏడుపు వచ్చింది. గట్టిగా, పొరుగువాళ్ళకు వినిపించేటట్టు, అమ్మా అమ్మా అని ఏడ్చింది. కడుపుతో ఉన్నావు, ఏడవకూడదు అని ఆనాడు నోరు నొక్కిన ఏడుపు అది. తల్లీకొడుకులిద్దరూ పెరటి గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చారు.

"పొద్దుగూకే వేళ తలకి పోసుకున్నావేమే? పప్పు ఎప్పుడు రుబ్బుతావు?" అంది అన్నపూర్ణమ్మ.

"నన్ను ముట్టుకోకండి అత్తయ్యా. నాకు మైల. మూడు రోజులు వంటింటి గడప తొక్కను. నాలుగో రోజు పొద్దున్నే ఇందిరను తీసుకుని మా అన్నయ్య దగ్గరికి వెళ్తున్నాను. ఆ తంతి నేనివ్వలేదని చెప్పాలి."

"రేపు పదిహేనుమంది భోజనానికి వస్తుంటే..." అంటూ అన్నపూర్ణమ్మ గుమ్మం పట్టుకుని కూలబడింది.

"నీకేమైనా మతి పోయిందా?" అన్నాడు మధుసూదనరావు. చక్రం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. "ఆవిడ పోయి ఏడో ఏడు నడుస్తుంటే ఇప్పుడు మైలేమిటి? అప్పుడే విన్నావు, అప్పుడే మూడు రోజులూ పట్టావు. వింటే ఎవరైనా నవ్వుతారు."

హైమావతి మొహాన కారుతున్న నీళ్ళు తుడుచుకోలేదు.

"అమ్మ పోయిందని అప్పుడు విన్నానండీ. నేను రానన్నానని విని పోయిందని, ఇవాళే విన్నాను."