గడియల్లేని ఊరు

కొలెటాను చంపింది మిల్లు దొర. తలుపు తెరిచిపెట్టింది ఆమె మొగుడు. ఇందులో వాదించడానికేమీ లేదు.

బెల్జియం దేశపు ఫ్లాండర్స్‌లో, లీస్ నది ఒడ్డున, అవిసె నార మిల్లు దొర తన కూలీలకు ఒక ఊరు కట్టించాడు. ఎవరో తత్వవేత్త ఊహించిన ఆదర్శ నగరం గురించి ఒక పుస్తకంలో చదివాడట. అక్కడ దొంగలుండరు, దాపరికం ఉండదు, తలుపులకు గడియలుండవు. కొలెటా మొగుడు, వడ్రంగి లీవెన్, ఆ మాటకు మురిసిపోయాడు. ఇంటింటికీ తిరిగి గడియలు ఊడబీకాడు. మొదట తన ఇంటిదే.

ఇక మిల్లు మేస్త్రీ ఎప్పుడు పడితే అప్పుడు ఇళ్లలో దూరేవాడు. కుండల మూతలెత్తి చూసేవాడు. ఒక పొద్దున, జ్వరంతో పడుకున్న కొలెటాను మంచం మీంచి లేపి, చెప్పుల్లేని కాళ్లతో, నారను నీళ్లలో తడిపి వడికే తడినూలు గదికి నడిపించాడు. ఆ చెమ్మలో ఆమె ఊపిరితిత్తులు పాడయ్యాయి. మళ్లీ లేవలేదు.

ఆమెను పాతిపెట్టి వచ్చాక జనం బావి దగ్గర పోగయ్యారు.

"ఆ పుస్తకంలో కూలోళ్లున్నారా బావా?" అంది కొలెటా చెల్లెలు బెర్లిండె.

"ఉన్నారంట. మాట్లాడరంట," అన్నాడు లీవెన్.

ముసలి రోగీర్ ఉమ్మేశాడు. "మాట్లాడితే ఊరెట్టా నడుస్తది! అయినా ఊడబీకింది నువ్వేగదరా."

ఎవరూ కాదనలేదు. లీవెన్ కూడా.

"నేనే. మళ్లీ నేనే బిగిస్తా."

"ఇల్లు ఖాళీ చేయిస్తారు," అన్నాడొకడు.

"ఒక్కింటికి బిగిస్తే చేయిస్తారు. ఊరంతా బిగిస్తే దొర మిల్లెవరితో నడుపుతాడు, వాళ్లమ్మతోనా?" అంది బెర్లిండె.

జనం నవ్వారు. లీవెన్ నవ్వలేదు.

ఆదివారం, దొర చర్చిలో ఉండగా, గడియలు బిగించడానికి అందరూ తలో చెయ్యీ వేశారు. మర్నాడు మిల్లు గంట మోగింది. ఎవరూ కదల్లేదు. మేస్త్రీ మొదటి తలుపు నెట్టాడు. అది తెరుచుకోలేదు.

"ఎవరదీ?" అన్నారు లోపలినుంచి.

ఆ ఊళ్లో అతన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు ఇన్నాళ్లూ. పక్కింట్లోనూ అదే అడిగారు. వీధంతా అదే అడిగింది.

పోలీసులొచ్చారు. ఒక్క తలుపే తెరుచుకుంది. లీవెన్ తన ఇంటికి గడియ పెట్టుకోలేదు. లోపల కాపాడుకోవలసిన మనిషి లేదు.

పోలీసులు అతన్ని వంతెన దాకా ఈడ్చేసరికి, వీధిలో గడియలన్నీ లోపలినుంచి తెరుచుకున్నాయి. జనం దారికి అడ్డం నిలబడ్డారు.

"అక్కనెట్టా చంపారో చెప్పు బావా! కోర్టులో అందరూ విననీ!" అని అరిచింది బెర్లిండె.

"గడియలు తియ్యకండి," అన్నాడు లీవెన్. "మీ అక్క సంగతి మాత్రం నన్నడగొద్దు, ఆ తలుపు తెరిచిపెట్టింది నేనే. కోర్టులోనూ చెప్పను, నీకూ చెప్పను. ఇంక ఆ మాట నా నోట రాదు."